జారుముడి

గోరువెచ్చటి ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, తల వెనక్కి వాల్చి, మైకు బాబాయి గొంతులో గరగరలాడిస్తున్నాడు. గోడకి అవతలి వాటాలో ఉండే ఇల్లుగలావిడ రోజూ ఈ చప్పుడుకే లేస్తుంది. గడియారానికి కీ ఇవ్వడం మర్చిపోయినా ఫర్వాలేదు, ఈ మనిషి గొంతు మాత్రం టైముకి మోగుతుందని వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్విస్తుంటుంది. ఆయన విననట్టు ఊరుకుంటాడు. నీళ్ళు ఉమ్మేసి, మూతి తుడుచుకుని, అద్దం ముందు నిలబడి "ఒకటి, రెండు, మూడు" అన్నాడు. ఒకటి బయటికి రాలేదు. రెండు సగం వచ్చింది. మూడు దగ్గర గొంతు దారిలో పడింది. ఈ మధ్య ఏ రోజూ ఇంతకంటే మెరుగ్గా లేదు.

అద్దంలో ఉన్న మనిషిని ఎవరూ రెండోసారి తలతిప్పి చూడరు. సన్నటి మెడ, అందులో కిందికీ పైకీ కదిలే పెద్ద గొంతుముడి, ఏళ్ళ తరబడి మైకు మీదికి వంగి వంగి ముందుకి వాలిపోయిన కుడి భుజం. ఉద్యోగం చేసినంత కాలం రైల్వే స్టేషన్లో ఒక చిన్న గదిలో కూర్చుని ఏ బండి ఎప్పుడొస్తుందో, ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పాడు. మన భాషలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి, మళ్ళీ మొదటినుంచి. ఆయన్ని విననివాళ్ళు ఊళ్ళో లేరు, చూసినవాళ్ళు పదిమంది కూడా ఉండరు. చివరికి రికార్డు చేసిన ఆడగొంతు ఒకటి పెట్టెలో పెట్టుకుని వచ్చింది. ఆయనకి ఒక ప్లాస్కు బహుమానంగా ఇచ్చి ఇంటికి పంపేశారు.

ఆ ప్లాస్కులోనే వేణ్ణీళ్ళు పోసుకుని, గొంతు బిళ్ళల డబ్బా జేబులో వేసుకుని, మఫ్లరు మెడకి చుట్టుకుని బయల్దేరాడు. ఎండాకాలంలో మఫ్లరేమిటని వీధిలోవాళ్ళు అడగడం ఎప్పుడో మానేశారు. స్టేషన్ గోడ వెంట నడుస్తుంటే లోపలి నుంచి ఆ ఆడగొంతు ఏదో బండి గురించి చెబుతోంది. ఒక్క మాటా తడబడదు. ఆ గొంతుకి జలుబు చెయ్యదు. ఆకలెయ్యదు. ఇంటి దగ్గర ఎవరూ ఉండరు. ఆయన గోడ చివరిదాకా దాన్ని వింటూనే నడిచి, మలుపు తిరిగాడు.

ఆయన వెళ్ళేది చూపులేని ఆడవాళ్ళ హాస్టలుకి. ఉద్యోగం పోయాక ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడతాయేమోనని భయపడి, అక్కడ పరీక్షలకి చదువుకునేవాళ్ళకి పుస్తకాలు చదివిపెట్టే పనిలో చేరాడు. కింద వరండాలో ఆడవాళ్ళు కుర్చీలకి బెత్తం అల్లుతుంటారు. వెనక వైపు చదువుల గది. దానికి ఒక కిటికీ, ఒక ఇనప బీరువా, ఎదురెదురుగా రెండు బెత్తం కుర్చీలు, పైన ఒక ఫ్యాను. ఆ ఫ్యాను వేస్తే పాత బస్సు ఎక్కినట్టే ఉంటుంది. ఆయన గొంతు దాని కిందపడి నలిగిపోతుంది. అందుకని చదువుతున్నప్పుడు ఫ్యాను వెయ్యరు. ఆయనా, ఎదుటి కుర్చీలో కూర్చుని వినే అమ్మాయీ చెమటలు కక్కుతూనే ఆమె పరీక్షకున్న అమెరికా నవలలన్నీ పూర్తిచేశారు.

"ఆలస్యం బాబాయ్," అంది కుర్చీలమ్మాయి, ఆయన గుమ్మంలో కాలు పెట్టగానే.

"గొంతు లేవలేదమ్మా."

"ఈ ఒక్కరోజూ లేపండి. రేపట్నించి మీ గొంతుకి సెలవు."

ఆమెని హాస్టల్లో అందరూ కుర్చీలమ్మాయి అనే పిలుస్తారు. అక్కడ అందరూ అల్లేది కుర్చీలే అయినా, ఈమె అల్లిన కుర్చీ కూర్చున్నవాడి కంటే ఎక్కువ కాలం ఉంటుందని వార్డెనమ్మ అంటుంది. చిన్నప్పుడు జ్వరంలో చూపు పోయింది. తల్లి పోయాక అన్నయ్య తీసుకొచ్చి ఇక్కడ చేర్చాడు. పొద్దున్నంతా అల్లిక, మధ్యాహ్నం చదువు. ప్రైవేటుగా పరీక్షలు కడుతూ డిగ్రీ చివరి పేపరు దాకా వచ్చింది. ఆ పేపరులో నాలుగు పాత అమెరికా నవలలున్నాయి. అవి ముట్టుకుని చదివే అచ్చులో దొరకవు, గైడ్లు కూడా లేవు. మైకు బాబాయి గొంతే వాటికి దిక్కు.

చదవడంలో ఆయనకి ఒకటే పద్ధతి తెలుసు. హత్య అయినా, పెళ్ళి అయినా, వరద అయినా బండి వేళలు చెప్పినట్టే చదువుతాడు. మొదట్లో ఆమెకి నవ్వాగేది కాదు. "బాబాయ్, అతను ఆ అమ్మాయిని ప్రేమిస్తున్నానంటున్నాడు. మీరేమో బండి రెండు గంటలు లేటంటున్నారు," అనేది. తర్వాత అలవాటైపోయింది. ఆయన చదివేది చదివితే, ఏడవాల్సిందీ తిట్టాల్సిందీ తనే చూసుకునేది.

ఆ తిట్లకీ మెప్పులకీ ఆమె దగ్గరొక పురికొస ఉంది. బెత్తం కట్టలు కట్టి వచ్చే పురికొస. మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, నవల వింటున్నంతసేపూ దాని కొస వేళ్ళ మధ్య తిప్పుతుంటుంది. కథలో ఎవరైనా తనకి నచ్చని పని చేస్తే పీటముడి. నచ్చితే జారుముడి. తర్వాత ఎప్పుడైనా మనసు మారితే పీటముడిని పళ్ళతో పట్టి విప్పుతుంది. విప్పిన చోట పురికొస పీచు లేచి ఉంటుంది కాబట్టి, ఎవర్ని క్షమించిందో కూడా ఆమెకి తెలుస్తుంది. పరీక్షకి చదువుకోవడమంటే ఆ పురికొసని మొదటినుంచి చివరిదాకా తడుముకోవడమే.

"మొదలుపెడదామా?" అని పురికొస విప్పి ఒళ్ళో వేసుకుంది. "ఇదిగో, కలప మిల్లాయన. వరసగా పీటముళ్ళే. కొండ మీద చెట్లన్నీ కొట్టించాడు, కొడుకుల్ని తరిమేశాడు. చివర్లో బోడికొండ కింద ఒంటరిగా కూర్చుని నీడ లేదని బాధపడ్డాడు. ఆయన మహా విషాద పాత్ర అని రాయాలట. నాకైతే చెంబుడు నీళ్ళు మొహాన కొట్టాలనిపించింది."

"పరీక్షలో అలా రాయకు."

"రాయన్లెండి. 'ఆత్మవంచనకు లోనైన వ్యక్తి' అని రాయిస్తా. అర్థం అదే." వేళ్ళు ముందుకి జరిగాయి. "ఇతను బ్యాంకు గుమాస్తా. మనసులో మాట చెప్పడానికి పుస్తకమంతా తీసుకున్నాడు. ఈలోగా ఆ పిల్లకి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. పైగా వాళ్ళ ఇంటి ముందు వానలో తడుస్తూ నిలబడ్డాడు. బ్యాంకు ఉద్యోగం చేసేవాడికి ఒక గొడుగు లేదా బాబాయ్?"

"ఉండే ఉంటుంది."

"ఉండీ తడిశాడంటే పీటముడే."

తర్వాత దేవుడున్నాడో లేడో తేల్చుకోలేని ఫాదరీ వచ్చాడు. ఆయనకి మొదట పీటముడి వేసి, చివర్లో విప్పింది. జబ్బుపడ్డ ముసలివాడి దగ్గర రాత్రంతా కూర్చుని ప్రార్థన చెయ్యకుండా కాళ్ళు నొక్కాడు కాబట్టి. ఆయన విషయంలో తను చాలా తొందరపడ్డానని ఇవాళ కూడా నొచ్చుకుంది. మైకు బాబాయి ఊ కొడుతున్నాడు గానీ, ఆయన ధ్యాసంతా ఆ పురికొస మీదే ఉంది. వేళ్ళు ఒక్కో ముడీ దాటుతూ నాలుగో నవల దగ్గరికి వస్తున్నాయి. అక్కడ ఒక పెద్ద జారుముడి ఉంది. ఆ ముడి తన అబద్ధం మీద పడిందని ఆయనకి ఒక్కడికే తెలుసు.

నాలుగోది నది ఒడ్డు కథ. పడవవాడొకడు జనాన్నీ పశువుల్నీ అద్దరికి దాటిస్తుంటాడు. పెళ్ళాంతో రోజుకి నాలుగు మాటలు కూడా మాట్లాడని మనిషి. ఆవిడ కోళ్ళు పెంచుతుంది, అతని చొక్కాలు ఉతుకుతుంది, సాయంత్రం అయ్యేసరికి కోళ్ళని గూట్లోకి తోలి గడియ పెడుతుంది. కుర్చీలమ్మాయికి మొదటి పేజీ నుంచే ఆవిడంటే ప్రాణం. కథ సగంలో, ఒక మధ్యాహ్నం, పడవ నది మధ్యలో ఉండగా, ఆవిడ వెనక మెట్టు మీద కూర్చుని చనిపోతుంది. మైకు బాబాయి ఆ పేజీ ముందురోజు ఇంటి దగ్గర చూసుకున్నాడు. మర్నాడు అక్కడిదాకా చదివి ఆగిపోయాడు. "తర్వాత?" అంది ఆమె. ఆయన నోటివెంట అప్రయత్నంగా, ఆవిడ చిన్న పెట్టె సర్దుకుని గుర్రపుబండి ఎక్కి తన చెల్లెలి ఊరికి బయల్దేరిందని ఇంగ్లీషులోనే వచ్చేసింది. స్టేషన్లో అప్పటికప్పుడు మాటలు పేర్చడం అలవాటైన నోరు. కుర్చీలమ్మాయి ఊపిరి బిగబట్టి వింది. "వెళ్ళిందా! నిజంగా వెళ్ళిందా!" అంటూ పురికొస మీద అన్నిటికంటే పెద్ద జారుముడి వేసింది.

ఆ క్షణంలోనే పొరపాటైందని చెప్పేస్తే పోయేది. ఆయన పేజీ తిప్పేశాడు. ఇక అక్కడినుంచి తల ప్రాణం తోకకొచ్చింది. పుస్తకంలో సగం ఇంకా ఉంది, ప్రతి నాలుగో పేజీలోనూ చచ్చిపోయినావిడ ఎదురొస్తూనే ఉంది. పడవవాడు సమాధి దగ్గరికి వెళితే, తోటలోకి వెళ్ళాడని చదివాడు. రాయి మీద ఆవిడ పేరు చెక్కిస్తే, గేటు మీద పేరు రాయించాడన్నాడు. "ఉన్నన్నాళ్ళూ రాయించనివాడు, వెళ్ళాక గేటుకి పేరు పెట్టాడా! మగబుద్ధి," అని ఆమె పడవవాడికి పీటముడి బిగించింది. పాపం వాడు ఏ తప్పూ చెయ్యలేదు.

ఇవాళ ఏదోలా చెప్పెయ్యాలని ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నప్పుడే అనుకున్నాడు. పరీక్ష రేపు. పరీక్ష కేంద్రం పక్క ఊళ్ళో ఉంది, ఆమె సాయంత్రం బండికి వెళ్ళాలి. నాలుగో నవల మీద తప్పకుండా ప్రశ్న వస్తుంది. చచ్చిపోయినావిడ గురించి ఊరొదిలి వెళ్ళిందని రాయిస్తే పేపరు దిద్దేవాడు నవ్వుకుని సున్నా పెడతాడు.

"ఇదిగో, మా ఆవిడ వచ్చింది," అని కుర్చీలమ్మాయి ఆ జారుముడిని బొటనవేలితో నిమిరింది. "బాబాయ్, మీకో సంగతి చెప్పాలి. ఎవరికీ చెప్పలేదు."

"చెప్పమ్మా."

"పరీక్ష రాసే ఊళ్ళోనే ఉద్యోగం వచ్చింది. ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. అక్కడే గది కూడా ఇస్తారట. ఎల్లుండే చేరమన్నారు. చూడండి, నేనూ మీ వృత్తిలోకే వస్తున్నా."

ఆయన సంతోషంతో ఏదో అనబోయాడు.

"ఆగండి. అన్నయ్య వద్దంటున్నాడు. పరీక్ష కాగానే వచ్చి ఇంటికి తీసుకెళ్తాడట. చదివింది చాలు, ఇంటిపట్టున ఉండమంటున్నాడు. నాకోసం గదికి రంగులు కూడా వేయించారు. అన్నయ్య చెడ్డవాడైతే ఏ బాధా లేదు. మంచివాడు, అదే చిక్కు. నేను పక్కింటిదాకా వెళ్ళాలన్నా పిల్లల్లో ఒకర్ని చెయ్యి పట్టుకోమని తోడిస్తారు. అలా చూసుకుంటారు." పురికొస కొస వేలికి చుట్టుకుంది. "ఇవాళ బండికి ముందు ఫోన్ చేస్తాడు. వస్తున్నానో రావట్లేదో చెప్పాలి. ఇన్నాళ్ళూ వస్తాననే అనుకున్నా. మా పడవావిడ వెళ్ళిందని విన్న రోజు మాత్రం మనసు మారింది. ఇన్ని పుస్తకాల్లో లేచి తన దారి తను చూసుకున్నది ఆవిడొక్కతే కదా. పెట్టె సర్దుకుంది, వెళ్ళింది. ఆవిడ వెళ్ళగలిగినప్పుడు నాకేం?"

మైకు బాబాయి జేబులోంచి గొంతు బిళ్ళల డబ్బా తీశాడు. ఒకటి నోట్లో వేసుకుని, మధ్యాహ్నం చివరి అధ్యాయాలు మరోసారి చదువుదామన్నాడు. ఆమె అన్నానికి వెళ్ళింది.

ఆయన హాస్టలు వెనక మెట్టు మీద కూర్చుని, కాగితంలో చుట్టి తెచ్చుకున్న రొట్టె విప్పాడు. నిజం చెబితే పరీక్ష నిలబడుతుంది, ఆ పిల్ల కూలబడుతుంది. చెప్పకపోతే పిల్ల నిలబడుతుంది, పరీక్ష పోతుంది. ఎటు తిప్పి చూసినా అతుకుల బొంతే. రొట్టె నోట్లో తిరగడం లేదు. వేణ్ణీళ్ళు తాగి, అలా కూర్చుండిపోయాడు.

ఉద్యోగం రోజుల్లో ఆయనా భార్యా ఉండే క్వార్టరు స్టేషన్ గోడకి ఆనుకుని ఉండేది. ఆవిడకి పొద్దస్తమానం ఆయన గొంతు వినపడుతూనే ఉండేది. సాయంత్రం ఇంటికి రాగానే, "ఇవాళ మధ్యాహ్నం తిన్నట్టు లేరు, ఎక్స్‌ప్రెస్ దగ్గర గొంతు నీరసంగా ఉంది," అనేది. బండి లేటయితే ఆయన్నే తిట్టేది. పిల్లలు లేరు. ఊళ్ళో అందరికీ బండ్ల కబుర్లు చెప్పే మనిషి ఇంట్లో నోరు విప్పడని ఆవిడకి ఎప్పుడూ ఒక ఫిర్యాదు ఉండేది. "నాకు కావాల్సినవన్నీ మైకులోనే చెబుతారు," అని నవ్వేది.

అది పెద్ద వాన పడ్డ రోజు. పట్టాల మీదికి నీళ్ళొచ్చి బండ్లన్నీ ఆగిపోయాయి. ఆయన తెరిపి లేకుండా చెబుతూనే ఉన్నాడు. ఒక బండి ప్లాట్‌ఫారం మారిందని చెబుతుండగా పోర్టరు తడిసి ముద్దయి లోపలికొచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, ఇంటి దగ్గర ఆవిడ పోయిందన్నాడు. మైకు తెరిచే ఉంది. ఆయన ఆ వాక్యం పూర్తిచేశాడు. ఇంగ్లీషులో చెప్పాడు. నియమం ప్రకారం మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. అప్పుడు మీట నొక్కి లేచాడు. గొంతు వణకలేదు. బయట జనం సామాన్లు ఎత్తుకుని సరిగ్గా ఆ ప్లాట్‌ఫారం మీదికే వెళ్ళారు. ఒక్కళ్ళు కూడా తలెత్తి స్పీకరు వైపు చూడలేదు.

మీ గొంతు వింటూనే కన్నుమూసిందని పక్కింటివాళ్ళు ఓదార్చారు. ఆయనకది ఓదార్పు కాలేదు. ఏం వింది? ఏ బండి ఎంత ఆలస్యమో వింది. అప్పటినుంచి ఆయనకి తన గొంతు మీద నమ్మకం లేదు. పడవావిడ చావు చదవలేకపోవడానికి ఏడుపొస్తుందని భయం కాదు. అదీ బండి వేళలాగే వచ్చేస్తుందని భయం.

కుర్చీలమ్మాయి తిరిగొచ్చి కుర్చీలో కూర్చున్న చప్పుడైంది. ఆయన రొట్టె మళ్ళీ కాగితంలో చుట్టేసి లోపలికి వెళ్ళాడు.

"చివరి అధ్యాయమా?" అంది.

"కాదమ్మా. మధ్యలో కొన్ని పేజీలు నేను సరిగ్గా చదవలేదు. ఇప్పుడు చదువుతా."

"మీరా? సరిగ్గా చదవకపోవడమా?" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. పుస్తకం తెరిచి, రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టాడు.

ఆ మధ్యాహ్నం ఆవిడ గింజల గిన్నె ఒళ్ళో పెట్టుకుని వెనక మెట్టు మీద కూర్చుంది. నది మీద పడవ చుక్కలా కనిపిస్తోంది. ఎండ మోకాళ్ళ దాకా వచ్చింది. ఆవిడ చెయ్యి గిన్నెలోకి వెళ్ళింది గానీ బయటికి రాలేదు. కోళ్ళు కాసేపు ఎదురుచూసి, మెట్టు ఎక్కి, ఒళ్ళోంచే గింజలు తినడం మొదలుపెట్టాయి.

ఆయన గొంతు ఎప్పట్లాగే సాఫీగా నడిచింది. ఏ మాటా తొట్రుపడలేదు. తనే వింటున్నాడు, ఆశ్చర్యంగానూ అసహ్యంగానూ ఉంది. పేజీ తిప్పాడు.

"బాబాయ్," అంది ఆమె మెల్లగా. "కాగితాలు రెపరెపలాడుతున్నాయి. కిటికీ ముయ్యండి."

"గాలి ఎక్కడిదమ్మా, ఆకు కూడా కదలట్లేదు."

పుస్తకం పట్టుకున్న తన చేతుల వైపు ఆయన చూసుకోలేదు. ఆయన అధ్యాయం చివరిదాకా చదివాడు. సాయంత్రం పడవవాడు ఒడ్డుకొచ్చి, గూటికి చేరని కోళ్ళు పెరడంతా తిరుగుతుండడం చూసి, లోపలికి వెళ్ళకుండా అక్కడే నిలబడిపోయాడు. తర్వాత సమాధినీ, చెక్కించిన రాయినీ ఉన్నవి ఉన్నట్టు చదివాడు. అయ్యాక పుస్తకం మూసి, మఫ్లరు కొసతో మొహం తుడుచుకున్నాడు.

"గేటు మీద పేరు కాదన్నమాట," అంది ఆమె. "ఆ పడవవాణ్ణి ఎంత మాటన్నాను!" పురికొస నోటి దగ్గరికి తీసుకుని అతని పీటముడిని పళ్ళతో విప్పసాగింది. గట్టిగా బిగిసిన ముడి, ఊరికే రాలేదు. "ఎందుకు మార్చారు?"

"మా ఆవిడ పోయిన కబురు నాకు మైకు ముందే వచ్చింది. చెబుతున్న మాట ఆపలేదు. గొంతు వణకలేదు. దీన్నీ అలాగే చదివేస్తానని..." ఆయన పుస్తకం పక్కన పెట్టేశాడు.

"ఆ రోజు మీ చేతిలో కాగితం ఉందా?"

"ఉంది. బండ్ల కాగితం."

"అదెలా ఉంది?"

ఆయన జ్ఞాపకం చేసుకోబోయాడు. వాన చప్పుడు గుర్తుంది, పోర్టరు చొక్కా నుంచి కారిన నీళ్ళు గుర్తున్నాయి. కాగితం ఎలా ఉందో గుర్తులేదు. ఇన్నేళ్ళలో దాని సంగతే ఆయనకి తోచలేదు.

"తప్పయిపోయింది తల్లీ," అన్నాడు. "పరీక్ష ముందు నీ కాళ్ళ కింద నేల లాగేశాను."

"నాకు అప్పుడే తేడాగా అనిపించింది బాబాయ్. ఆవిడ వెళ్ళిపోయిందన్నారు, వెంటనే కోళ్ళు గూటికి చేరలేదన్నారు. ఆ ముక్క మార్చడం మర్చిపోయారు కదూ? ఆవిడ ఎంత కోపంలో ఉన్నా కోళ్ళని మూయకుండా గడప దాటే మనిషి కాదు."

"మరి జారుముడి ఎందుకు వేశావు?"

"ఆవిడ వెళితే బాగుండునని నాకుంది. మీరు వెళ్ళిందన్నారు. నేను కాదని ఎందుకంటాను?"

అప్పుడే వార్డెనమ్మ వరండాలోంచి కేకేసింది, అన్నయ్య ఫోనని. కుర్చీలమ్మాయి లేచి నిలబడింది. మొహం పాలిపోయి ఉంది. మైకు బాబాయి కూడా లేచాడు. "అమ్మాయ్, ఆవిడ వెళ్ళలేదు కదా... ఇప్పుడు నువ్వు..." అన్నాడు.

ఆమె గుమ్మం దగ్గర గోడ మీద చెయ్యి ఆనించింది.

"నాకు కోళ్ళు లేవుగా బాబాయ్," అంది. గోడ పట్టుకుని వరండాలోకి వెళ్ళింది.

ఫోను బల్ల దగ్గర ఆమె వైపు మాటలే ఆయనకి వినపడ్డాయి. "రావట్లేదన్నయ్యా... లేదు, కోపమేం లేదు... వదిన మీద నాకెందుకుంటుంది కోపం?" తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అవతలివాడు ఏడుస్తున్నాడో తిడుతున్నాడో తెలియదు. "పడితే పడతాను. లేస్తాను," అంది. "ఆ గది ఖాళీగా ఉంచకు. పిల్లలకిచ్చెయ్." ఫోను పెట్టేసిన చప్పుడు వచ్చింది. ఆమె తిరిగొచ్చినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి. తుడుచుకునే ప్రయత్నం చెయ్యలేదు. కుర్చీలో కూర్చుని ఒళ్ళో పురికొస పెట్టుకుని ఏదో సవరించుకుంటుంటే, ఆయన మర్యాదకి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

స్టేషన్‌కి ఇద్దరూ నడిచే వెళ్ళారు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుంది, ఆయన ఆమె సంచీ పట్టుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద జనం పెట్టెల మీద కూర్చుని ఆవులిస్తున్నారు. బండి అప్పటికే వచ్చి ఆగి ఉంది. ఆమెని కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టి, సంచీ కాళ్ళ దగ్గర పెట్టి, ఆయన కిందికి దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు. పైన రికార్డు గొంతు గలగలా మాట్లాడుతోంది.

"మీ కుర్చీలో కూర్చున్నావిడ ఈవిడేనా?" అంది కుర్చీలమ్మాయి.

"ఆవిడే."

"ఈవిడకి పీటముడి వెయ్యడం కూడా దండగ. నా బండి మీరు చెప్పండి."

"ఇక్కడా? జనం నవ్వుతారు."

"నవ్వనీండి. నాకు మీరే చెప్పాలి."

ఆయన అటూ ఇటూ చూశాడు. కుడి భుజం దానంతటదే ముందుకి వాలింది. ప్రయాణికులకు గమనిక అని మొదలుపెట్టి, బండి పేరు, వెళ్ళే దారి చెప్పి, మొదటి నంబరు ప్లాట్‌ఫారం నుంచి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నదని ముగించాడు. ఇంగ్లీషులో చెప్పాడు. మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. పెట్టెల మీద కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి, ఆ పాత గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతికి, మఫ్లరు చుట్టుకున్న మనిషిని చూశారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీలమ్మాయి కిటికీ ఊచల మధ్యనుంచి చెయ్యి చాపింది. అంత గట్టి చెయ్యి, బెత్తం గీతలతో గరుకుగా ఉన్న చెయ్యి, ఆయన ముందెప్పుడూ పట్టుకోలేదు. బండి కదిలాక వదిలింది.

ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా నిలబడి, ఆయన వెనక్కి నడిచాడు. ప్లాస్కు చదువుల గదిలోనే మర్చిపోయాడు. వార్డెనమ్మ తాళం తీసి ఇచ్చి తన పనిమీద వెళ్ళింది. గదిలో ఎండ తగ్గింది. రెండు కుర్చీలూ ఎదురెదురుగా ఉన్నాయి. ప్లాస్కు తీసుకుని వెనుదిరగబోతుంటే, ఆమె కుర్చీ చేతికి కట్టి ఉన్న పురికొస కనిపించింది. మర్చిపోయిందేమో, ఇప్పుడే పంపించాలేమోనని ముందు కంగారుపడ్డాడు. మర్చిపోతే అలా చుట్లు చుట్టి కట్టదని తర్వాత తట్టింది.

ఆయన ఆమె కుర్చీలో కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, ఆమె తడిమినట్టే, కొస నుంచి వేలు జరుపుకుంటూ వచ్చాడు. కలప మిల్లాయన ముళ్ళు, గొడుగు లేని గుమాస్తా, ఫాదరీ దగ్గర పీచు లేచిన తాడు. పడవవాడి దగ్గరా పీచు లేచి ఉంది. దానికి ముందు ఆ పెద్ద జారుముడి. ఒక్క లాగుకి ఊడొచ్చే ముడి, లాగకుండా అలాగే ఉంచింది. దాన్ని ఆనుకుని, పొద్దున లేని పీటముడి ఒకటి కొత్తగా ఉంది, చిన్నది, బాగా బిగించింది. అది తనదేనని ఆయనకి తెలిసింది. గోరుతో ఒకసారి గిల్లి చూశాడు, రాలేదు. ఏళ్ళ తర్వాత ఆయనకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, గొంతు అడ్డం పడింది, ఆయన దాన్ని సరిచేసుకోలేదు.

చివరి ముడి తర్వాత, ఇంకా ఏ ముడీ పడని జానెడు పురికొస కుర్చీ చేతి మీంచి కిందికి వేలాడుతోంది.